కానుకల సంచిలో రెండు చీట్లు

అబద్ధం ఆడటానికి నోరు అక్కర్లేదని నాకు పదహారో ఏట తెలిసింది. పెన్సిలు ముక్క, నోటుబుక్కులోంచి చింపిన కాగితం ఉంటే చాలు.

అరవైల్లో మేము నాచారం దాటాక, రైలు పట్టాల వారన ఉండే గ్యాంగు క్వార్టర్లలో ఉండేవాళ్లం. గుమ్మంలో నిలబడితే ఒకపక్క మౌలాలి గుట్ట, ఇంకోపక్క పెద్ద పెద్ద బండలు. కంకర కోసం ఆ బండల్ని పేల్చేవాళ్లు. మధ్యాహ్నం పూట ఎర్రజెండా ఊపి ఈల వేస్తే, కోళ్లు కూడా చూరు కిందికి చేరేవి. ఈలకీ పేలుడుకీ మధ్య కొంచెంసేపు ఏమీ జరగదు. చిన్నప్పటి నుంచీ నాకు ఆ కొంచెంసేపంటేనే భయం. పేలుడంటే అంత భయం లేదు.

నాయిన రైల్వేలో కీమాన్. తెల్లారగానే సుత్తి భుజాన వేసుకుని తన వాటా లైను పొడుగునా నడిచేవాడు. పట్టాల్ని పట్టి ఉంచే ఇనుప కీలు వదులయ్యాయేమోనని ఒక్కొక్కదాన్నే కొట్టి చూసేవాడు. చూడటం అంటే వినడమే. "గట్టిగున్నది ఒక తీరు మోగుతది, వదులైంది ఒక తీరు మోగుతది" అనేవాడు. అమ్మ ఉప్పల్‌లో ఒక దవాఖానాలో ఆయా. ఆమెకు అక్షరం ముక్క రాదు. అయినా హబ్సిగూడ దాకా నడిచి, అక్కడ ఆగే బస్సుల్లో ఉప్పల్ బస్సేదో ఎవర్నీ అడగకుండా ఎక్కేది. "మనిషి మొకం గుర్తువడ్తలేమా? బోర్డు గూడ గట్లనే" అనేది. చర్చిలో పాటల పుస్తకం సరైన పేజీకి తెరిచి పట్టుకుని, కంఠతా వచ్చిన పాట పాడేది. కొత్తగా వచ్చినవాళ్లు ఆమెకు చదువు వచ్చనే అనుకునేవాళ్లు.

నేను మెట్రిక్ పాసయ్యాను. మా చర్చిలో ఆడపిల్లల్లో అన్ని మార్కులు తెచ్చుకున్నది నేనే. దాంతో కొంచెం పొగరు కూడా వచ్చింది, దాచడమెందుకు. ఒకే వారంలో ఇంటికి రెండు కాగితాలు వచ్చాయి. ఒకటి మిషన్ వాళ్ల టీచర్ ట్రైనింగ్ స్కూలు నుంచి. రెండేళ్లు హాస్టల్లో ఉండి వస్తే బడిలో ఉద్యోగం ఖాయం. రెండోది సికింద్రాబాద్‌లో ఒక ఆడపిల్లల కాలేజీ నుంచి, సైన్సులో పి.యు.సి. సీటు, ఆ ఏడాది గట్టెక్కితే అక్కడే డిగ్రీ. ఆ కాలేజీ పేరెత్తినప్పుడు మా హెడ్‌మిస్ట్రెస్ గొంతు తగ్గించేది. "చేరడం ఒక ఎత్తు, అక్కడ మిగలడం ఒక ఎత్తు" అంది. చదువంతా ఇంగ్లీషులో. నెలకో పరీక్ష. మార్కుల వరుసలో పేర్లు రాసి మెట్ల దగ్గర గోడకు అంటిస్తారు. ఆ వరుసలో ఒకచోట ఎర్రసిరాతో గీత గీస్తారు. ఏడాదిలో మూడుసార్లు పేరు ఆ గీత కింద పడితే, తండ్రిని పిలిపించి సర్టిఫికెట్లు చేతిలో పెట్టి పంపించేస్తారు.

భయపడాల్సిన మాటే. నేను మాత్రం భయపడలేదు. ఆ గీత వేరేవాళ్ల కోసం అనుకున్నాను.

అమ్మ ట్రైనింగే అంది. నాయిన కాలేజే అన్నాడు.

"ఇరవై ఏండ్ల సంది పట్టాల పక్కపొంటి నడుస్తున్న. నా బిడ్డ బండ్లె కూసోవాలె" అన్నాడు నాయిన.

"కూసున్నంక నడుమల దించేస్తే ఏం జేస్తవ్? మూడుసార్లు తప్పితే ఎల్లగొడ్తరట. అప్పటికి ఈ ట్రైనింగు సీటు ఇంకోలకు పోతది. రెంటికి జెడ్డ రేవడైతది నా బిడ్డ" అంది అమ్మ.

ఆ తర్వాత మూడు రోజులు ఇద్దరూ మాట్లాడుకోలేదు. అన్నం పెట్టమన్న మాట కూడా నా ద్వారానే నడిచింది. మధ్యలో నన్నెవరూ అడగలేదు, నీకేం కావాలని. నాకు కాలేజీ కావాలి. చదువు మీద ప్రేమతో అని చెప్పుకుంటే బాగుంటుంది గానీ అది నిజం కాదు. మా చర్చిలో ఎవరూ వెళ్లని చోటికి నేను వెళ్లాలి, అంతే.

మా వాళ్లలో ఒక ఆనవాయితీ ఉంది. ఇంట్లో రెండు మనసులైనప్పుడు అయ్యగారిని, అంటే పాస్టరుగారిని, పిలుచుకొస్తారు. ఆయన ప్రార్థన చేసి రెండు చీట్లు రాసి, చర్చిలో కానుకలు పట్టే ఎర్ర మఖ్మలు సంచిలో వేస్తారు. వద్దన్న మనిషి చేతనే తీయిస్తారు. వచ్చిన చీటీ దేవుడి మాట. ఆ తర్వాత ఎవరూ నోరెత్తకూడదు. పెళ్లి సంబంధాలు కూడా అలా తేలిన ఇళ్లున్నాయి. సంచిలో మిగిలిపోయిన చీటీని మాత్రం ఎవరూ విప్పి చూడరు. దేవుడు వద్దన్నదాన్ని చూడటం తప్పని, అలాగే మడత విప్పకుండా పొయ్యిలో వేస్తారు.

శనివారం పగటిపూట అయ్యగారు వచ్చారు. మంచి మనిషి, పెద్దవారు, చేతులు వణికేవి. "నువ్వు రాయి తల్లీ, నీ అక్షరం ముత్యం" అన్నారు. ఆ మాట ఆయన అనకపోయి ఉంటే ఏమయ్యేదో అని చాలా ఏళ్లు అనుకున్నాను.

వసారాలో కూర్చుని కాగితాన్ని రెండుగా చింపాను. మొదటిదాని మీద కాలేజీ పేరు రాసి మడిచాను. రెండోది తొడ మీద పెట్టుకున్నాను. అప్పుడే బండల దగ్గర ఈల వినపడింది. కోళ్లు పరుగెత్తుకుంటూ వచ్చి నా పక్కనే నక్కాయి. పెన్సిలు పట్టుకుని ఆ కొంచెంసేపు ఆగాను. పేలుడు వినపడేసరికి రెండో చీటీ మీద కూడా కాలేజీ పేరే ఉంది.

అయ్యగారు ప్రార్థన చేశారు. అమ్మ కళ్లు మూసుకుని సంచిలో చెయ్యి పెట్టి చీటీ తీసింది. అయ్యగారు చదివి "దేవునికి స్తోత్రం" అన్నారు. నాయిన సంతోషం బయటపడకుండా తల దించుకున్నాడు. అమ్మ మిగిలిన చీటీని సంచిలోంచి తీసుకుని వంటింట్లోకి వెళ్లింది. ఒక చీటీ పొయ్యిలో వేసి రావడానికి పట్టేదానికంటే కొంచెం ఎక్కువసేపే పట్టింది. గుమ్మడికాయల దొంగ అంటే భుజాలు తడుముకునే దాన్ని నేను. వంటింటివైపు చూస్తే దొరికిపోతానేమోనని అయ్యగారి చెప్పులవైపే చూస్తూ కూర్చున్నాను. అమ్మ బయటికి వచ్చింది. మొహంలో ఏమీ లేదు.

"ఏమేం బట్టలు గావాల్నో సూస్కో" అంది నాతో.

మర్నాడు ఆదివారం చర్చిలో అమ్మ సాక్ష్యం చెప్పింది. దేవుడు తనకు చేసిన మేలు గురించి లేచి నిలబడి అందరికీ చెప్పడాన్ని మావాళ్లు సాక్ష్యం అంటారు. అమ్మ అంతకుముందు ఎప్పుడూ లేవలేదు.

"నేను వద్దన్న. దేవుడు పో అన్నడు. ఈ చేతితోనే చీటీ తీసిన. నా బిడ్డ ఆ సదువు నడుమల ఇడిసి రాదు" అంది.

అందరూ ఆమెన్ అన్నారు. ఇప్పుడు ఆ ఎర్రగీత కింద నా పేరు పడితే తప్పింది నేనని ఎవరూ అనరు. దేవుడే మాట తప్పాడంటారు. అమ్మ అంతమంది ముందు నిలబెట్టిన నమ్మకం అంతమంది ముందే కూలిపోతుంది. కూలకుండా ఉండాలంటే నేను చీట్ల సంగతి చెప్పాలి. అది చెబితే అమ్మ బిడ్డ దేవుణ్ణే మోసం చేసిందని తెలుస్తుంది. ముందు నుయ్యి, వెనక గొయ్యి. రెండూ నేను తవ్వుకున్నవే. అయ్యగారు ఆ వారంలోనే నా నడవడి గురించి కాలేజీకి కాగితం రాసిచ్చారు. సత్యం తప్పని పిల్ల అని ఆయన పూచీపడితే గానీ సీటు ఖాయం కాలేదు.

కాలేజీ తెరిచారు. పొద్దున్నే నాయిన వెంట పట్టాల పక్కన మౌలాలి స్టేషను దాకా నడిచేదాన్ని. దారిలో ఆయన సుత్తి దెబ్బలు తప్ప మాటలుండేవి కావు. కాజీపేట వైపు నుంచి వచ్చే పాసింజరెక్కి సికింద్రాబాద్‌లో దిగి, మళ్లీ నడక. కాలేజీ గేటు దాటగానే రెండు పక్కలా కత్తిరించిన మొక్కలు, చప్పుడు చేయని వరండాలు, తల తిప్పకుండా నడిచే అమ్మాయిలు. అక్కడ ఎవరూ ఎవర్నీ తిట్టినట్టు నేను వినలేదు. తిడితే బాగుండేది.

మొదటి రోజు ఫిజిక్స్ మేడమ్ వచ్చి గంటసేపు మాట్లాడింది. చుట్టూ కలాలు పరుగెత్తాయి. నాకు అర్థమైంది "గుడ్ మార్నింగ్" ఒక్కటే. ఊరికే కూర్చుంటే తెలిసిపోతుందని, చెవిన పడ్డదంతా తెలుగు అక్షరాల్లో రాసుకున్నాను. "లైట్ ట్రావెల్స్ ఇన్ స్ట్రెయిట్ లైన్స్." ఇంటికెళ్లి చదివితే నా చేతిరాతే నాకు శత్రువులా ఉంది. కాంతి కిరణాలు తిన్నగా పోతాయని మా బడిలో ఎన్నిసార్లు బొమ్మ గీశానో! తెలిసిన సంగతే ఎదురొచ్చి పలకరిస్తే ఎవరో అనుకుని పక్కకు తప్పుకున్నాను.

నా పక్కన కూర్చునే అమ్మాయి వరంగల్లు వైపు పల్లెటూరి పిల్ల, హాస్టల్లో ఉండేది. రెండో వారంలో ఆమె నోటుబుక్కు గాలికి తెరుచుకుంటే చూశాను. ఆమె కూడా ఇంగ్లీషు పాఠమంతా తెలుగు అక్షరాల్లోనే రాస్తోంది. నా పుస్తకం తెరిచి ఆమె ముందు పెట్టాను. ఇద్దరం బల్ల కిందికి తలలు దించుకుని నవ్వుకున్నాం. ఆ ఏడాది కాలేజీలో నేను మనసారా నవ్వింది ఆ ఒక్కసారే.

జులై పరీక్ష పేర్లు అంటించారు. మిగతావాళ్లు కాగితాన్ని పైనుంచి చదువుతుంటే మేమిద్దరం కిందనుంచి చదివాం. ఎక్కువ చదవాల్సిన పని లేకపోయింది. ఆమె పేరు చివరినుంచి రెండోది, నాది ఐదోది. ఎర్రగీత మా ఇద్దరి పేర్లకూ చాలా ఎత్తున ఉంది. పక్కనున్న అమ్మాయిలు మా వైపు చూడకుండా మెట్లెక్కి వెళ్లిపోయారు. ఇంట్లో "మంచిగనే అయితున్నది" అని చెప్పాను. రెండో అబద్ధానికి పెన్సిలు కూడా అక్కర్లేకపోయింది.

మా చర్చిలో నెల మొదటి ఆదివారం సంస్కారం ఇస్తారు. ఒక్కొక్కరే లేచి ముందుకెళ్లి, మోకరించి, రొట్టె ముక్క, ద్రాక్షరసం తీసుకోవాలి. మనసులో మచ్చ ఉంటే తీసుకోకూడదని, తీసుకుంటే అదే శిక్షవుతుందని మాకు చిన్నప్పుడే నేర్పారు. ఆ జులైలో ఆడవాళ్ల వరుస లేచినప్పుడు అమ్మ లేవలేదు. తలనొప్పి అంది. వెనక చాప మీద గోడకు ఆనుకుని కూర్చుంది. నేను లేచి వెళ్లాను. ఆగస్టులో కూడా తలనొప్పే. సెప్టెంబరులో దవాఖానాలో డ్యూటీ ఉందని ఆ పూట చర్చికే రాలేదు.

"ఆయితారం డ్యూటీ ఎప్పటిసంది?" అని నాయిన అడిగాడు.

అమ్మ బిందె తీసుకుని నీళ్లకు వెళ్లింది.

ఆమెకేదో జబ్బు, మా దగ్గర దాస్తోంది అనుకున్నాను. దేవుణ్ణి మోసం చేసింది నేనైతే ఆయన అమ్మను పట్టుకున్నాడని తీర్మానించుకున్నాను. అప్పటినుంచి నాకు ప్రతిదీ హెచ్చరికే. పాసింజరు సిగ్నల్ దగ్గర ఆగితే హెచ్చరిక, జువాలజీ లాబ్‌లో కప్ప మత్తుమందు దిగి కాలు కదిపితే హెచ్చరిక. అమ్మ దగ్గితే పుస్తకం మూసేసి దగ్గు ఆగేదాకా వినేదాన్ని. ఎవరితోనూ చెప్పుకోలేను. తేలు కుట్టిన దొంగ బతుకు.

ఆగస్టు పరీక్షలో మొత్తం బట్టీ పట్టి గీత పైకి వచ్చాను, నాలుగు పేర్ల ఎత్తున. సెప్టెంబరులో ప్రశ్నలు కొంచెం తిప్పి ఇచ్చేసరికి బట్టీ అంతా పేకమేడలా పడిపోయింది. మళ్లీ కింద. నాకు రెండోసారి. నా పక్కనమ్మాయికి మూడోసారి.

ఆమె తండ్రి వచ్చాడు. తలకు చుట్టిన రుమాలు తీసి చేతిలో పట్టుకుని ఆఫీసు గది ముందు నిలబడ్డాడు. కూర్చోమని బెంచీ చూపించినా కూర్చోలేదు. ఎవరు ఆ పక్కకు వచ్చినా "దండాలమ్మా" అన్నాడు. పక్క తరగతి అమ్మాయిలకు కూడా దండం పెట్టాడు. ఆమె హాస్టలునుంచి ట్రంకుపెట్టె మోసుకుంటూ వస్తుంటే నేను చూసి, లాబ్ తలుపు వెనక్కి జరిగాను. ఎదురుపడితే ఆ దురదృష్టం నాకు అంటుతుందనిపించింది. ఇప్పుడు తలుచుకుంటే నా మీద నాకే అసహ్యం. ఆమె నన్ను వెతుక్కుంటూ లాబ్‌కే వచ్చింది. అట్ట ఊడిపోయిన ఇంగ్లీషు తెలుగు డిక్షనరీ నా చేతిలో పెట్టింది.

"నాకు ఇగ అక్కర లేదు. నువ్వన్న ఉండు" అంది.

మర్నాడు ఆమె చోట నా సంచి పెట్టుకోమని మేడమ్ చెప్పింది. పెట్టుకోలేదు.

అక్టోబరు పరీక్షకు మూడు వారాలుంది. ఒక పొద్దున పట్టాల పక్కన నడుస్తూ నాయిన సుత్తి దించి నా వైపు చూశాడు.

"నీ మోత మంచిగ లేదు బిడ్డా" అన్నాడు.

"ఏం లేదు నాయినా."

"వదులైన కీ గూడ ఏం లేదనే అంటది. బండి వచ్చినప్పుడు తెలుస్తది."

ఆ మాట రైల్లో కూర్చున్నా వదల్లేదు. ఇంక దాచలేననిపించింది. అమ్మకు చెప్పేద్దాం, కాలేజీ మానేద్దాం, అప్పుడు ఆమె జబ్బు పోతుంది. పదహారేళ్ల బుర్రకు అంతకంటే దారి తోచలేదు. ఆ శనివారం కాలేజీ ఒంటిపూట. తిన్నగా ఉప్పల్ వెళ్లాను.

దవాఖానా వెనక పెద్ద గంగాళాల్లో దుప్పట్లు ఉడుకుతున్నాయి. అమ్మ చీర కుచ్చెళ్లు దోపుకుని, కట్టెతో ఒక దుప్పటి పైకి లాగి చన్నీళ్ల తొట్టిలో ముంచుతోంది. నన్ను చూసి ఆశ్చర్యపోలేదు.

"వచ్చినవ్ గద, ఆ కొస వట్టుకో" అంది.

దుప్పటి రెండో కొస పట్టుకున్నాను. తనొకవైపు, నేనొకవైపు మెలి తిప్పుతున్నాం. నీళ్లు కాళ్ల మీద పడుతున్నాయి.

"అమ్మా, ఆ చీట్లు..." అన్నాను.

"రెండు ఒక్కటే. నాకు ఎర్కనే" అంది అమ్మ. తిప్పడం ఆపలేదు.

నా చేతుల్లోంచి దుప్పటి జారింది. ఆమె దాన్ని నేల తగలకుండా పట్టుకుని మళ్లీ నా చేతికిచ్చింది.

"ఎట్ల తెలిసింది?"

"అయ్యగారు చేతుల వట్టుకున్న చీటీ సూసిన. పొయ్యికాడికి పోయి రెండోది ఇప్పిన. ఇప్పొద్దని నాకు తెల్వదా? ఇప్పిన. నా బిడ్డ పోవద్దని దేవుడెట్ల అనకపాయెనని జర మనసు కొట్టుకున్నది. సూస్తే దానిది దీనిది ఒక్కటే మొకం. రోజు బస్సు బోర్డు సూసి ఎక్కేదాన్ని, గంత తెల్వదా నాకు?"

"మరి అప్పుడే ఎందుకనలేదు? ట్రైనింగే అంటివి గద నువ్వు."

"అన్న." అమ్మ దుప్పటి దులిపి తీగ మీద వేసింది. "దేవుని ముంగట అబద్ధం రాసేటంత కావల్ననుంది నీకు. ఇగ నేనేమనాలె?"

"చర్చిల సాక్ష్యమెందుకు జెప్పినవ్ మరి?"

"నువ్వు వాపసొస్తవని. నీ సంగతి నాకు తెల్వదా? కష్టమైతే లేశొస్తవ్. నలుగుట్ల జెప్పినంటే ఇగ నీకు వచ్చే తొవ్వ లేదు."

ఆమె గొంతులో కోపం లేదు. కోపం ఉంటే ఏడ్చి తేలికపడేదాన్ని. అప్పుడు నాకు ఆ ఆదివారాలన్నీ ఒక్కసారిగా గుర్తొచ్చాయి. తలనొప్పి, డ్యూటీ, వెనక గోడ.

"సంస్కారం గందుకే తీసుకుంటలేవా?"

"అబద్ధం సాక్ష్యం జెప్పిన నోరిది. రొట్టె ఎట్ల వెట్టుకుంట?" అంది అమ్మ, పొయ్యిలో కట్టె ముందుకు తోస్తూ. జబ్బు లేదు. ఏ జబ్బూ లేదు. సంతోషించాల్సింది, పక్కనున్న కట్టెల మోపు మీద కూర్చుండిపోయాను.

"అయ్యగారికి నేనే జెప్త అమ్మా. ఇయ్యాల్నే జెప్త."

"జెప్తే? నువ్వు సత్యం తప్పవని ఆయన రాసిచ్చిండు గద కాగితం. గది వాపసు తీసుకోకుంటె ఆయన అబద్ధమాడినట్టైతది. తీసుకుంటే నీ సీటు పోతది. నీ సదువు కానియ్యి. అయినంక నేను పోయి నాది నేను జెప్పుకుంట. అప్పటిదాంక కూసుంట."

ఆమె ఇంకో దుప్పటి లాగి కొస నాకందించింది. సాయంత్రం దాకా ఇద్దరం దుప్పట్లు పిండాం.

ఆ మూడు వారాలు నేను చదివిన చదువు అంతకుముందూ లేదు, ఆ తర్వాతా లేదు. తెలుగు అక్షరాల్లో రాసుకున్న నోటుబుక్కు పక్కన పడేశాను. ఆ అమ్మాయి ఇచ్చిన డిక్షనరీ, ఇంగ్లీషు పాఠ్యపుస్తకం, మా బడిలో చదివిన తెలుగు పుస్తకం, మూడూ ముందేసుకుని కూర్చున్నాను. బొమ్మను బట్టి బొమ్మను పోల్చుకున్నాను. ఇంగ్లీషు మాటను పలకడం మానేసి, అమ్మ బస్సు బోర్డును చూసినట్టు చూడటం మొదలుపెట్టాను. ఒకసారి ముఖం గుర్తుపట్టాక, లోపలున్నది మా బడిలో చదివిన కాంతే, నాకు తెలిసిన సాంద్రతే. పాసింజరులో నిలబడి చదివేదాన్ని. అన్నం తింటూ చదివేదాన్ని. ఇష్టంతో కాదు. వెనక గోడకు ఆనుకుని ఒక మనిషి కూర్చుని ఉందని.

అక్టోబరు పేర్లు అంటించిన రోజు మెట్ల దగ్గర నిలబడి ఈసారి కూడా కిందనుంచే చదివాను. గీత దాకా నా పేరు లేదు. గీతకు ఆనుకుని పైన ఉంది. ఎర్రసిరా నా పేరు చివరి అక్షరం కాలిని తాకుతోంది.

ఇంటికొచ్చేసరికి అమ్మ చాటలో బియ్యం ఏరుతోంది.

"గీత పైననా?" అంది.

"పైననే. ఒక్క పేరు పైన."

అమ్మ తల ఊపింది. రెండు రాళ్లు ఏరి అవతల పారేసింది.

"ఇంకెన్ని గీతలున్నయి?"

వేళ్ల మీద లెక్కపెట్టబోయి ఆగిపోయాను. ఈ ఏడాది ఇంకా మిగిలి ఉంది. ఆ తర్వాత డిగ్రీ మూడేళ్లు. నెలకో గీత. నాకు ఆ ప్రశ్న అంతకుముందు తోచనే లేదు. గీతలన్నీ నావే అనుకున్నాను.

నవంబరు మొదటి ఆదివారం, ఆడవాళ్ల వరుస లేచినప్పుడు నేను అమ్మ పక్కనే కూర్చుండిపోయాను. ఆమె మోచేత్తో నా డొక్కలో పొడిచింది.

"లే. ఇద్దరం కూసుంటే అడుగుతరు."

లేచాను. ముందుకెళ్లి మోకరించి చేయి చాపాను. అంతకుముందు నాలుగు నెలలు ఏమీ ఆలోచించకుండా తిన్న రొట్టె ముక్క ఆ రోజు గొంతు దిగలేదు. ద్రాక్షరసంతో మింగాను.

అలా నాలుగేళ్లు. చర్చిలో ఆడవాళ్లు మొదట ఆరోగ్యం అడిగారు. తర్వాత అడగడం మానేసి గుసగుసలాడారు. ఏం పాపం చేసిందో, ఎప్పుడు చేసిందో అని. చాప మీద అమ్మ పక్కన చోటు ఖాళీగా ఉండేది. ఒకసారి అయ్యగారే ఇంటికొచ్చి అడిగారు. "జర సమయం గావాలె అయ్యగారూ" అంది అమ్మ. నాయినకు ఎంత తెలుసో నాకిప్పటికీ తెలియదు. ఆయన ఆమెను మళ్లీ ఏమీ అడగలేదు. ఆదివారం తిరిగి వచ్చేటప్పుడు మాత్రం ఆమె చేతిలోని పాటల పుస్తకం తీసుకుని తను పట్టుకుని నడిచేవాడు. ఆ గుసగుసలు విన్న ప్రతిసారీ నేను లేచి "పాపం నాది" అని అరవాలనుకున్నాను. పరీక్షల రోజులని, రేపు చూద్దామని, అరవలేదు. నిజం చెప్పాలంటే నాకు డిగ్రీ కావాలి. అంతే. చీటీ రాసిన రోజు ఎంత కావాలో అంతే కావాలి.

డిగ్రీలో ఒక ఏడాది రెండుసార్లు మళ్లీ గీత కింద పడ్డాను. మూడోసారి పడలేదు.

డిగ్రీ వచ్చిన వారం అమ్మ ఇస్త్రీ చీర కట్టుకుని ఒక్కతే అయ్యగారి ఇంటికి వెళ్లింది. నన్ను రావద్దంది. గంటలో తిరిగొచ్చి కాళ్లు కడుక్కుంది.

"ఏమన్నరమ్మా?"

"అబద్ధం సాక్ష్యం జెప్పిన అన్న. ఏ సంగతిల అని ఆయన అడగలే. నీ పేరు నేను ఎత్తలే" అంది.

ఆ తర్వాతి నెల మొదటి ఆదివారం అయ్యగారు పళ్లెం పట్టుకుని నిలబడ్డారు. ఆడవాళ్ల వరుస లేచింది. అమ్మ గోడ దగ్గరనుంచి లేచి, కొంగు భుజాల మీదుగా కప్పుకుని, ఎవరివైపూ చూడకుండా ముందుకు నడిచింది. మోకరించింది. అయ్యగారు ఇచ్చిన రొట్టె ముక్క నోట్లో పెట్టుకుంది. వరుస అయిపోయింది. నేను లేవలేదు. నాది నేనింకా చెప్పుకోలేదు. అందరి తలలూ నా వైపు తిరిగాయి. పళ్లెంలో ఒక్క ముక్క మిగిలి ఉంది. అయ్యగారు దాన్ని పట్టుకుని నా వైపు చూస్తూ కొంచెంసేపు ఆగారు. ఆ కొంచెంసేపు ఎలా ఉంటుందో నాకు చిన్నప్పటి నుంచీ తెలుసు.